మా సోలాపూర్‌కు నీళ్లు ఏ రోజు వస్తాయి? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి,

సోలాపూర్ తూర్పు భాగం నుంచి ఒక బీడీ కార్మికురాలి కొడుకు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇదే విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చిన కాగితాలను అమ్మ బియ్యం డబ్బా కింద దాచింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

మా ఊరికి నీళ్లిచ్చే ఉజనీ డ్యామ్ గురించి, అక్కడి నుంచి రెండో పైప్‌లైన్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మా గల్లీకి నీళ్లు ఎలా వస్తాయో మాత్రం చెబుతాను. నాలుగు రోజులకోసారి అంటారు. ఒక్కోసారి ఐదు, ఎండాకాలం ఆరు. గంట కూడా ఒకటని లేదు. మొన్న రాత్రి రెండింటికి వచ్చాయి. పక్కింటి మరాఠీ ఆవిడ "పాణీ ఆలం" (నీళ్లొచ్చాయి) అని కేకేస్తే అమ్మ లేచింది. నాలుగున్నర దాకా డ్రమ్ములు, బిందెలు, చివరికి వంట గిన్నెలు కూడా నింపుకుంది.

తెల్లారితే వెయ్యి బీడీలు చుట్టాలి. తునికాకు తడిపితేగానీ కత్తెరకు లొంగదు. డ్రమ్ము అడుగంటిన రోజు ఆ చెంబెడు నీళ్లు ఆకుకా, అన్నానికా అన్నదే మా ఇంట్లో టెన్షన్. నిద్ర చెడిన రోజు అమ్మ చేతిలో ఆరు వందలు దాటవు. కూలి వెయ్యికి లెక్క. తగ్గిన నాలుగు వందల బీడీల డబ్బు ఆమెకు ఎవరిస్తారు? నెలలో ఇలాంటి రోజులు ఎన్నో మీరే లెక్కేయండి సార్. పోయినేడు నిల్వ నీళ్ల దోమలతో చెల్లికి డెంగీ వచ్చింది. ఆ అప్పు ఇంకా తీరలేదు.

1877లో జూనీ మిల్లు మొదలైనప్పటి నుంచి ఈ ఊరు నూలు మీదే బతికింది. మా ముత్తాత కరీంనగర్ వైపు కరువుకు తాళలేక మగ్గం పని వెతుక్కుంటూ వచ్చాడు. మా పేటలో పద్మశాలీలంతా దాదాపు అలా వచ్చినవాళ్లే. మగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చింది. పెద్ద మిల్లులు మూతపడ్డాయి. మగవాళ్ల పని సన్నగిల్లిన ఇళ్లను ఆడవాళ్ల బీడీలే నిలబెట్టాయి. 1930లో బ్రిటిష్ వాళ్లు మార్షల్ లా (సైనిక పాలన) పెట్టినా తల వంచని ఊరు ఇది. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్. 1931 జనవరి 12న పుణె ఎరవాడ జైల్లో ఉరితీసిన ఆ నలుగురి పేర్లు ఒక్కసారి చదవండి, మా ఊళ్లో ఎవరెవరు కలిసి బతుకుతున్నారో తెలుస్తుంది. మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ అన్నీ మా గల్లీలో వినిపిస్తాయి. భాష మీద గొడవ నేనెప్పుడూ చూడలేదు. నీళ్ల వంతు కోసం మాత్రం వారం వారం చూస్తున్నాను.

మా పెద్దలు ఇక్కడికి పని కోసం వచ్చారు. ఆ పని చేసుకోనివ్వండి సార్. ఎన్నికల ముందు రోజూ నీళ్లన్నారు. అది ఎప్పటి నుంచో ఒక తేదీ చెప్పండి. అప్పటిదాకా, ఏ గంటకు వదులుతారో కనీసం ముందు రోజు సాయంత్రానికి మా పేటకు తెలిసేలా చేయండి. అమ్మకు 61 ఏళ్లు. రాత్రంతా కుళాయి చప్పుడు కోసం చెవి ఒగ్గి పడుకోవడం ఇక ఆమె వల్ల కావడం లేదు. ఆ మూడు అర్జీలకూ ఒక్క లైనైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక సోలాపూర్ వాసి