ఫొటో ఫార్మాట్ మార్చే భారం దరఖాస్తుదారుడి మీదా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పరీక్ష, ఉద్యోగం, పింఛను, గుర్తింపు కార్డు... ఏ దరఖాస్తు చూసినా ఆన్‌లైన్‌లోనే. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ సరిగ్గా నింపినవాళ్లు కూడా ఫొటో, సంతకం అప్‌లోడ్ చేసే చోట ఆగిపోతున్నారు. ‘ఫైలు చెల్లదు’ అని ఎర్ర అక్షరాల్లో ఒక ముక్క కనిపిస్తుంది. ఎందుకు చెల్లదో ఉండదు. గడువు చివరి రోజున ఆ ముక్క ఎదురైతే మనిషి ఎంత కంగారు పడతాడో, దరఖాస్తులు నింపడంలో నలుగురికీ సాయపడుతుంటాను కాబట్టి నాకు బాగా తెలుసు. ఫొటోను ఒక ఫార్మాట్ (ఫైలు రకం) నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే పని దరఖాస్తు తీసుకునే సంస్థ కంప్యూటర్ చేయాలి, దరఖాస్తు పెట్టుకునే మనిషి కాదు. ఈ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

చాలా దరఖాస్తు పేజీలు జేపెగ్ (ఫైలు పేరు చివర జేపీజీ అని ఉండే రకం) తప్ప మరొకటి తీసుకోవు. జేపెగ్ 1992 నాటి ప్రమాణం. మంచి ప్రమాణమే, ఇప్పటికీ ఎక్కడైనా తెరుచుకుంటుంది. కానీ ఫోన్లు అక్కడే ఆగిపోలేదు. 2017లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు చోటు కలిసొస్తుందని ఫొటోలను హెచ్ఈఐసీ రూపంలో దాస్తున్నాయి. ఇంటర్నెట్‌లోంచి బొమ్మ దించుకుంటే చాలాసార్లు అది గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీలో ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీస్తే పీఎన్‌జీ కావచ్చు. వీటిలో ఏదీ ఆ మనిషి కోరి ఎంచుకున్నది కాదు. పైగా ఐఫోన్ నుంచి నేరుగా అప్‌లోడ్ చేస్తే చాలాసార్లు ఫోనే జేపెగ్‌గా మార్చి పంపేస్తుంది. అదే ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి అక్కడి నుంచి పంపితే వెనక్కి తిరిగొస్తుంది. ఒకచోట వెళ్లింది ఇంకోచోట ఎందుకు వెళ్లడం లేదో మామూలు మనిషికి అంతుపట్టదు.

ఇది చిన్న ఇబ్బందే కదా అనుకునేవాళ్లు 2020 మే నెలలో అమెరికాలో జరిగింది గుర్తు చేసుకోవాలి. కరోనా కారణంగా కాలేజ్ బోర్డు సంస్థ, హైస్కూలు పిల్లలు రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను ఇంటి నుంచే రాయించింది. పిల్లల్లో కొందరు జవాబులు కాగితం మీద రాసి, ఫోన్‌తో ఫొటో తీసి అప్‌లోడ్ చేశారు. ఐఫోన్ ఇచ్చిన హెచ్ఈఐసీ ఫైళ్లను ఆ వ్యవస్థ తీసుకోలేదు. జవాబులన్నీ రాసి కూడా సమయం అయిపోయేలోగా పంపలేకపోయిన పిల్లలు జూన్‌లో మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది. జవాబులు ఈమెయిల్‌లో పంపే వీలు ఆ తర్వాతి వారం పరీక్షలకు గానీ కల్పించలేదు. చదువు ఒంటబట్టిందో లేదో చూడాల్సిన చోట ఫైలు రకం అడ్డుపడింది.

ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు మారిస్తే ఫార్మాట్ మారిపోతుందని చాలామంది అనుకుంటారు. చుక్క తర్వాత హెచ్ఈఐసీ అని ఉన్నచోట జేపీజీ అని టైపు చేసి, మారిపోయిందని నమ్మి పంపుతారు. లోపలి సరుకు అదే కాబట్టి మళ్లీ తిరస్కారమే. నిజానికి ఇలాంటి ప్రతి ఫొటో ఫైలూ తానేమిటో మొదటి బైట్లలోనే (కంప్యూటర్ చదివే చిన్న ముక్కల్లోనే) చెబుతుంది. జేపెగ్ ఎప్పుడూ ఎఫ్ఎఫ్, డీ8 అనే రెండు బైట్లతో మొదలవుతుంది. పీఎన్‌జీ ఫైలులో రెండో బైట్ నుంచి వరుసగా ఉండేవి పీ, ఎన్, జీ అక్షరాలే. అవతలి కంప్యూటర్ మొదటి బైట్లు కొన్ని చదివితే చాలు, పేరు ఏదైనా అసలు రకం తెలిసిపోతుంది. తెలిశాక జేపెగ్‌గా మార్చుకోవడం క్షణాల పని. ఇమేజ్‌మ్యాజిక్, లిబ్‌విప్స్, లిబ్‌హీఫ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఇందుకోసమే ఉన్నాయి. ఒకచోట ఒకసారి ఏర్పాటు చేస్తే తీరే పనిని వచ్చిన ప్రతి దరఖాస్తుదారుడి చేతా విడివిడిగా చేయిస్తున్నాం.

దీనికి సాంకేతిక సిబ్బంది చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. హెచ్ఈఐసీ లోపల వాడే హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతి మీద పేటెంట్లున్నాయి, లైసెన్సుల గొడవ ఉంది. బొమ్మలను చదివే సాఫ్ట్‌వేర్‌లో లొసుగులుంటే దొంగ ఫైళ్లతో సర్వర్‌లోకి చొరబడతారన్న భయమూ ఉంది. 2016లో ఇమేజ్‌మ్యాజిక్‌లో, 2023లో వెబ్‌పీని చదివే లైబ్రరీలో అలాంటి తీవ్రమైన లొసుగులే బయటపడ్డాయి. ఈ రెండు చిక్కులూ నిజమైనవే. అయితే వాటిని తేల్చుకోవడానికి సంస్థకు నిపుణులున్నారు, నిధులున్నాయి. మార్పిడి పనిని మిగతా వ్యవస్థతో సంబంధం లేని విడి కంప్యూటర్‌లో జరిపించవచ్చు, సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు తాజాగా ఉంచవచ్చు. ఆ ప్రమాదాన్ని తీసుకెళ్లి ఏ రక్షణా లేని మనిషి నెత్తిన పెట్టడం మాత్రం పరిష్కారం కాదు.

ఎందుకంటే ‘ఫైలు చెల్లదు’ అన్న మాట చూసిన మనిషి తర్వాత చేసే పని వెతకడం. వెతకగానే ఉచితంగా మార్చి పెడతామనే వెబ్‌సైట్లు వరుసగా వస్తాయి. ఎవరు నడుపుతున్నారో, ఎక్కించిన ఫైలు ఎంతకాలం దాచుకుంటారో తెలియదు. వాటిలో నిజాయతీగా పనిచేసేవీ ఉన్నాయి, కానీ ఏది ఏదో పైకి చూసి చెప్పలేం. అక్కడ తన ఫొటో, సంతకం, గుర్తింపు కార్డు మూడూ పెట్టేస్తాడు. ఒకరి పేరు మీద మోసం చేయడానికి అంతకంటే ఏం కావాలి? ఇలాంటి ఉచిత మార్పిడి సైట్ల ముసుగులో కంప్యూటర్లలోకి హానికర సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నారని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి చెందిన డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. ఇంకో సంగతి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ ఫైలులోనే ఉంటుంది. ముఖం, సంతకంతో పాటు ఇల్లెక్కడో కూడా చేతికిచ్చినట్టే.

నాణ్యత సంగతీ ఉంది. జేపెగ్ బొమ్మను ఎనిమిది పిక్సెల్‌ల పొడవు, ఎనిమిది పిక్సెల్‌ల వెడల్పు గల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియని సూక్ష్మ భేదాలను వదిలేస్తుంది. ముఖాలకు, ప్రకృతి దృశ్యాలకు ఇది బాగా పనికొస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల గీతలాంటి సంతకానికి అంత బాగా పనికిరాదు. కొద్ది కిలోబైట్ల పరిమితి కోసం గట్టిగా కుదిస్తే గీత చుట్టూ బూడిదరంగు మచ్చలు పడతాయి, సన్నని వంపులు అలుక్కుపోతాయి. వెనుక పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ సంతకాన్ని మార్చినప్పుడు ఇంకో వింత జరుగుతుంది. జేపెగ్‌లో పారదర్శకత లేదు కాబట్టి కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఆ ఖాళీని నలుపుతో నింపుతాయి. నల్ల సిరా సంతకం నల్లని నేపథ్యంలో కలిసిపోయి, చివరికి మిగిలేది నల్లని డబ్బా ఒకటి. దాన్ని వ్యవస్థ మాత్రం నిరభ్యంతరంగా తీసుకుంటుంది! పరిశీలనలో ‘సంతకం లేదు’ అని తిరస్కరించినప్పుడు గానీ మనిషికి సంగతి తెలియదు. ఇలా పోయిన వివరాన్ని తిరిగి పీఎన్‌జీలోకి మార్చి రాబట్టలేం, ఫైలు సైజు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

దరఖాస్తులు తీసుకునే సంస్థలన్నిటికీ నేను చేసే విన్నపం ఇది. జేపెగ్, పీఎన్‌జీ, హెచ్ఈఐసీ, వెబ్‌పీ ఏది వచ్చినా తీసుకోండి. మార్చడం, కుదించడం, కొలతకు కత్తిరించడం మీ వైపు జరిపించండి. మార్చాక వచ్చిన బొమ్మను దరఖాస్తుదారుడికి చూపించి ‘ఇది సరిపోతుందా’ అని అడగండి. నల్లని డబ్బా అక్కడే బయటపడుతుంది. లొకేషన్ వివరాలు తీసేయండి. పరిశీలన పూర్తయ్యేదాకా అసలు ఫైలు ఉంచుకోండి. ఏదైనా తీసుకోలేకపోతే కారణం మాతృభాషలో, పూర్తి వాక్యంలో చెప్పండి.

ఈ మార్పులు వచ్చేలోగా కనీసం అప్‌లోడ్ పేజీలోనే నాలుగు సూచనలు పెట్టవచ్చు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్‌లోకి వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇకపై తీసే ఫొటోలు జేపెగ్‌లోనే వస్తాయి. మ్యాక్‌లో ప్రివ్యూ, విండోస్‌లో పెయింట్ ఫైలును ఎవరికీ పంపకుండా అక్కడికక్కడే మార్చగలవు (హెచ్ఈఐసీని తెరవడానికి విండోస్‌లో అదనపు ఎక్స్‌టెన్షన్ కావాల్సి రావచ్చు). ఈ సంగతులు తెలియకనే ఎందరో తమ పత్రాలను తెలియని సైట్లకు అప్పగిస్తున్నారు.

దరఖాస్తులు స్వీకరించే శాఖలు, పరీక్షా మండళ్లు దీని మీద ఏమంటాయో అడిగి, వాళ్ల జవాబును మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు