కొటియా కొండల గురించి కేంద్ర హోంమంత్రి గారికి

అయ్యా,

మాది సాలూరు. మాకు ఎగువన కొండల మీద 21 కొటియా గ్రామాలున్నాయి. మన ఆంధ్రా మ్యాపులో అవి సాలూరు మండలం, ఒడిశా మ్యాపులో కొరాపుట్ జిల్లా. మొన్న సంతలో ఒక పెద్దాయన రొండిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. "ఏ ప్రభుత్వంది కావాల బాబూ?" అన్నాడు. నవ్వాను గానీ, తర్వాత సిగ్గేసింది.

2024 మే 13న అటు కొరాపుట్ లోక్‌సభ స్థానానికీ, ఇటు మా అరకు స్థానానికీ ఒకే రోజు పోలింగు. రెండు చోట్లా ఓటేసొచ్చినవాళ్లున్నారు. తప్పు వాళ్లదని నేననను.

ఈ ఊళ్లు ఏ రాష్ట్రానివో తేల్చమని 1968లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు 2006 దాకా నడిచి, యథాతథ స్థితి దగ్గరే ఆగింది. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే, కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ కోర్టు మెట్లెక్కింది. పథకాలు పంచడంలో మాత్రం ఇద్దరికీ పోటీయే లెండి!

రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటుదే. ఇద్దరు ముఖ్యమంత్రులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. అంతకన్నా ముందు ఆ గిరిజనులను, ఎటు ఉంటారో వాళ్ల భాషలోనే అడిగించండి. పోడు భూమికి ఎవరిచ్చిన పట్టా చెల్లుతుందో కూడా చెప్పించండి.

ఇట్లు,
సాలూరు కిరాణా వ్యాపారి