ఫొటోగ్రఫీ విభాగం వార్షిక నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం ఏం చేసిందో చెప్పాలంటే ముందు వాన సంగతి చెప్పుకోవాలి. 2024 ఆగస్టు చివరి నుంచి 2025 జనవరి చివరి దాకా మన అరిజోనాలోని ఫీనిక్స్‌లో లెక్కకొచ్చే వాన పడలేదు. పాపీ, లూపిన్ లాంటి ఎడారి పూల గింజలు మొలవాలంటే చలికాలానికి ముందు ఒక మంచి వాన పడాలి, ఆ తర్వాత కూడా నేల అప్పుడప్పుడూ తడుస్తుండాలి. రెండూ జరగలేదు. 2023లో పికాచో పీక్ కొండ వాలు మీద పసుపు ఆరబోసినట్టున్న పూలను చూసినవాళ్లకు ఈ మార్చిలో రాళ్లే కనబడ్డాయి. ఉగాది వేడుకలో పెట్టాలనుకున్న పాపీ ఫొటోల ప్రదర్శనను వాయిదా వేశాం.

అయితే ఎడారిలో అన్ని మొక్కలూ ఆ ఏటి వాన మీదే ఆధారపడవు. ఒంట్లో నీళ్లు దాచుకునేవి కూడా ఉన్నాయి. అందుకే ఈసారి కెమెరాలు వాటి వైపు తిప్పాం. ఒకోటిల్లో అనే ముళ్ల పొద కరువులోనూ కొమ్మల చివర ఎర్రటి గుత్తులు వేసింది, హమ్మింగ్‌బర్డ్‌లు వాటి చుట్టూ తిరిగాయి. మే నెలలో చెట్టంత ఎత్తు పెరిగే సగువారో కాక్టస్ పూసింది. దాని పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, అంతే దాని ఆయుష్షు. మొగ్గలు ఎక్కువగా తూర్పు వైపే వస్తాయి కాబట్టి తొలి ఎండ నేరుగా పువ్వు మీదే పడుతుంది. అందుకే చీకటితోనే బయల్దేరమని పదే పదే చెప్పాం. పువ్వులు అంత ఎత్తున ఉంటే ఎలా తీయాలని అడిగినవాళ్లకు మా సలహా ఒకటే: కొమ్మ కిందికి వంగిన చెట్టు వెతకండి. అలాంటి ఒక చెట్టు దగ్గర తెల్లరెక్కల గువ్వ పువ్వులో తల దూర్చి, ముఖమంతా పుప్పొడితో పైకి లేచింది. ఈ ఏడాది మన సభ్యులు తీసిన ఫొటోల్లో నాకు బాగా నచ్చింది అదే.

నాగజెముడు దగ్గర మాత్రం పెద్దవాళ్లే మాకు గురువులయ్యారు. అనంతపురం నుంచి వచ్చిన మన సభ్యుల అమ్మానాన్నలకు ఆ మొక్క చేల గట్ల మీద చూసిందే. పువ్వు మధ్యలోని కేసరాలను పుల్లతో మెల్లగా తాకితే అవన్నీ లోపలికి ముడుచుకుంటాయి. తేనెటీగ దిగినప్పుడు జరిగేదీ అదే. పిల్లలు ఈ విషయం మాక్రో లెన్స్‌తో (చిన్నవాటిని దగ్గరి నుంచి పెద్దగా తీసే లెన్స్) వీడియో తీసి చూపించారు.

ఇక నియమాలు. వీటి విషయంలో కార్యవర్గం గట్టిగా ఉంటుంది. కాలిబాట దాటి పూలలోకి దిగకూడదు. కాలిఫోర్నియాలో లేక్ ఎల్సినోర్ దగ్గరి వాకర్ కాన్యన్‌లో 2019లో జనం పూలు తొక్కేశారు, 2023లో పూల కాలానికి ఆ చోటే మూసేశారు. మన వల్ల ఏ కొండకూ అలాంటి గతి పట్టకూడదు. ఎడారి తాబేలు కనబడితే దూరం నుంచే ఫొటో తీయండి, చేతుల్లోకి ఎత్తుకోవద్దు. భయంతో అది దాచుకున్న నీళ్లు వదిలేస్తుంది, ఎండాకాలంలో ఆ నష్టం దాని ప్రాణం మీదికి రావచ్చు. పక్షి గూళ్లున్న ఫొటోలకు లొకేషన్ పెట్టవద్దు. జాతీయ పార్కుల్లో డ్రోన్‌లకు అనుమతి లేదు. చోయా కాక్టస్ ముళ్లు గుచ్చుకుంటే చేత్తో లాగకుండా దువ్వెనతో తీయాలి. సంచిలో ఒకటి ఉంచుకోండి, నీళ్లు మాత్రం మీరు అనుకున్నదానికి రెట్టింపు తీసుకెళ్లండి.

జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. కొత్తవాళ్లకు మాన్యువల్ మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే పెట్టుకోవడం) నేర్పిన తరగతులకు స్పందన బాగుంది, అవి కొనసాగుతాయి.

వచ్చే వసంతంలో వాన కరుణిస్తే పాపీల కోసం పెరిడాట్ మీసా అనే కొండకు వెళ్లాలని ఆలోచన. అది శాన్ కార్లోస్ అపాచీ తెగ భూమి, ప్రవేశానికి వాళ్ల పర్మిట్ కావాలి. రావాలనుకునేవాళ్లు ముందే తీసుకోవాలి, పర్మిట్ లేనివాళ్లను బృందంతో తీసుకెళ్లం. సంఘం మాక్రో లెన్స్ ఎవరి దగ్గరున్నా సర్వసభ్య సమావేశానికి తెచ్చి ఇవ్వగలరు, వరసలో వేచి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

– కార్యదర్శి, ఫొటోగ్రఫీ విభాగం