1634లో ఆగింది, 1645లో ఎందుకు ఆగలేదు

చిరంజీవి శ్రావ్యకు,
అమ్మ ఆశీస్సులు.

ఇంగ్లండులో మంత్రగత్తెల వేట మీద సెమినార్ వ్యాసానికి నువ్వు రాసి పంపిన ముక్కలు చదివాను. "అంతర్యుద్ధంతో జనానికి మతి తప్పింది, మతం ఎగదోసింది, మంత్రగత్తెల వేట మొదలైంది" అని తేల్చేశావు. ఫోన్లో మాట్లాడితే సగం గాలికి పోతుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. నువ్వు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ దానితో ఏదీ తెలియదు. యుద్ధాలు చాలాచోట్ల జరిగాయి, మతద్వేషం యూరప్ అంతా ఉంది, వేట మాత్రం కొన్నిచోట్ల, కొన్నేళ్ళే ఇలా విరుచుకుపడింది. ఇంగ్లండులో 1645 నుంచి 1647 దాకా ఎసెక్స్, సఫోక్, నార్‌ఫోక్, ఆ చుట్టుపక్కల కౌంటీల్లో ఉరితీసినవాళ్ళు సుమారు వందమంది. మంత్రవిద్య నేరం కింద ఆ దేశం మొత్తం చరిత్రలో పడిన మరణశిక్షలు సుమారు ఐదువందలు అని చరిత్రకారుల లెక్క. అంటే అయిదో వంతు ఆ రెండేళ్ళలో, ఆ ఒక్క మూలనే. ఆ మూలలో అప్పుడు లేనిదేమిటో వెతకాలి.

అందుకే ముందు 1634 చూడు. లాంకషైర్‌లో ఎడ్మండ్ రాబిన్‌సన్ అనే పదేళ్ళ పిల్లాడు, ఊరి ఆడవాళ్ళు దయ్యాలతో విందు చేసుకుంటుంటే కళ్ళారా చూశానని చెప్పాడు. లాంకాస్టర్ కోర్టులో జ్యూరీ పదిహేడు మంది దాకా దోషులని తేల్చింది. 1645లో ఉన్న భయమే, అప్పటి చట్టమే, పైగా జ్యూరీ తీర్పు కూడా వచ్చేసింది. అయినా వాళ్ళని ఉరితీయలేదు. న్యాయమూర్తికి అనుమానం వచ్చి శిక్ష నిలిపి, సంగతి రాజుకు రాశాడు. బిషప్ వచ్చి మళ్ళీ ప్రశ్నించాడు. నలుగురు ఆడవాళ్ళని లండన్ తీసుకెళ్ళారు. అక్కడ రాజవైద్యుడు విలియం హార్వే పర్యవేక్షణలో సర్జన్లు, మంత్రసానులు వాళ్ళ ఒళ్ళు పరీక్షించి అసహజమైనదేదీ లేదన్నారు. పిల్లాణ్ణి తండ్రి దగ్గర్నుంచి వేరుచేసి అడిగితే, కట్టుకథ అని ఒప్పుకున్నాడు. రాజు దగ్గర్నుంచి క్షమాభిక్ష వచ్చినా కొందరు జైల్లోనే మగ్గిపోయారు, అది వేరే దుఃఖం. మన వాదానికి కావలసింది ఒక్కటే: ఊరి మాటని, ఊరితో సంబంధం లేని మనిషి రెండోసారి చూశాడు.

ఆ రెండో చూపు ఎలా ఏర్పడిందంటే, ఊళ్ళో గొడవ వస్తే ముందు స్థానిక మేజిస్ట్రేటు వాంగ్మూలాలు తీసుకుంటాడు. ఆ కాగితాలు గ్రాండ్ జ్యూరీ ముందుకు వెళ్తాయి, వాళ్ళు విచారణకు తగిన కేసు కాదంటే అక్కడితో సరి. తగినదంటే అసైజ్ కోర్టు. లండన్ నుంచి వృత్తి న్యాయమూర్తులు ఏడాదికి రెండుసార్లు కౌంటీలు తిరిగేవారు. వాళ్ళకి ఆ ఊరి పాత పగలు తెలియవు, తెలుసుకోవాలనీ ఉండదు. 1620ల నుంచి వాళ్ళు ఇలాంటి కేసుల మీద విసుగు పడుతూనే ఉన్నారు, ఉరిశిక్షలు చాలా అరుదైపోయాయి. జనం నమ్మకం మాత్రం ఏమీ తగ్గలేదు. ఈ మాట వ్యాసంలో తప్పకుండా రాయి, లేకపోతే 1645లో నమ్మకం ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది.

1642 ఆగస్టు 22న ఛార్లెస్ రాజు నాటింగ్‌హామ్‌లో జెండా ఎత్తాడు, రాజుకూ పార్లమెంటుకూ మధ్య యుద్ధం మొదలైంది. అదే రోజు నువ్వుంటున్న కోల్చెస్టర్‌లో వేలమంది జనం రాజుకు అనుకూలుడైన సర్ జాన్ లూకాస్ ఇంటి మీద పడ్డారు. తర్వాతి రోజుల్లో స్టౌర్ నది వెంబడి కేథలిక్కుల ఇళ్ళు దోచారు. ఐర్లండులో 1641 అక్టోబరులో తిరుగుబాటు లేచాక, కేథలిక్కులు ప్రొటెస్టెంట్లని ఊచకోత కోస్తున్నారని కరపత్రాలు గుట్టలుగా వచ్చాయి. నిజం కొంత, అతిశయోక్తి ఎంతో. 1641లోనే అచ్చును అదుపులో పెట్టిన రాజుగారి కోర్టు స్టార్ ఛాంబర్ రద్దయి అచ్చు మీద అదుపు పోయింది, ఎవడు ఏదైనా అచ్చు వేయొచ్చు. రాజు పక్షాన పోరాడే ప్రిన్స్ రూపర్ట్ తెల్లకుక్క 'బాయ్' దయ్యమని పార్లమెంటు వైపు కరపత్రాల్లో రాశారు. 1644లో మార్‌స్టన్ మూర్ దగ్గర అది చస్తే సంబరంగా అచ్చు వేశారు. శత్రువు వెనక దయ్యం ఉంది అనే మాట ఇలా పాస్టరు ప్రసంగం దాటి వార్తగా మారింది.

మతం సంగతికొస్తే, 1643 డిసెంబరులో పార్లమెంటు పక్షపు ప్రభువు మాంచెస్టర్ ఎర్ల్ దగ్గర్నుంచి అధికారపత్రం తెచ్చుకున్న విలియం డౌసింగ్, ఏడాది తిరక్కుండా సఫోక్, కేంబ్రిడ్జిషైర్‌లలో సుమారు రెండువందల యాభై చర్చిల్లో రంగుటద్దాలు, బొమ్మలు, శిలువలు పగలగొట్టించాడు. చర్చిని ఇంకా శుద్ధి చేయాలనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్లు, అంటే ప్యూరిటన్లకు నచ్చని పాస్టర్ల మీద కమిటీలు వేసి, సాక్ష్యాలు తీసుకుని, పదవుల నుంచి దించారు. పక్కవాడి మీద ఫిర్యాదు చేయడం, ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడం, ఊళ్ళోని మలినాన్ని ఏరిపారేయడం 1643, 44ల్లో దైవకార్యమైంది. మంత్రగత్తెల మీద ఫిర్యాదుకు జనం బాగా అలవాటుపడ్డ దారి అది.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ఈ కౌంటీల్లో పెద్ద యుద్ధాలేవీ జరగలేదు! తూర్పు కౌంటీలు పార్లమెంటు కోట. వాళ్ళ మొగవాళ్ళు వేరేచోట పోరాడుతున్నారు, వాళ్ళ డబ్బు పన్నుగా పోతోంది. ఫిరంగి మోత వినిపించే ఊళ్ళో ముసలావిడని నాలుగు రాత్రులు కూర్చోబెట్టి కాపలా కాసే తీరిక ఎవరికీ ఉండదు. జర్మనీ చూడు. ముప్పయ్యేళ్ళ యుద్ధం నడుస్తుండగానే బాంబెర్గ్‌లో 1626 నుంచి ఘోరమైన వేట సాగింది. 1631లో స్వీడన్ సైన్యం ముంచుకొచ్చాక అది ఆగిపోయింది. సైన్యం ఇంటి గుమ్మంలోకి వస్తే వేట ఆగుతుంది, దూరంగా ఉండి కోర్టుల్ని కదిపేస్తే పెరుగుతుంది.

ఇప్పుడు మానింగ్‌ట్రీ. నీకు రైల్లో పది నిమిషాల దూరం. జాన్ రివెట్ అనే దర్జీ భార్యకు జబ్బు చేసింది. అతను సోదె చెప్పే ఆమె దగ్గరికి వెళ్ళాడు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళ పని అంది ఆమె. అతను ఎలిజబెత్ క్లార్క్‌ని అనుమానించాడు. ఆమెది ఒంటికాలు, బాగా పేదరాలు, ఆమె తల్లిని కూడా మంత్రగత్తెగా ఉరితీశారని ఊళ్ళో మాట. ఇంతవరకు ఏ కాలంలోనైనా జరిగేదే. మేజిస్ట్రేట్లు గ్రిమ్‌స్టన్, బోస్ ఆమె మీద కాపలాకు అనుమతి ఇచ్చారు. కాపలాకు ముందుకొచ్చినవాళ్ళలో, తర్వాత ఊరూరా తిరిగి ఈ వేట నడిపిన మాథ్యూ హాప్కిన్స్, జాన్ స్టెర్న్ ఉన్నారు. హాప్కిన్స్ సఫోక్‌లోని గ్రేట్ వెనమ్ పాస్టరు కొడుకు. 1645 మార్చి అది.

వాళ్ళ పద్ధతి వివరంగా రాయి, "హింసించారు" అని ఒక్క ముక్కలో దాటేయకు. ఇంగ్లీషు చట్టంలో చిత్రహింసకు చోటు లేదు, అందుకని హింస అనిపించని పనులు చేశారు. అనుమానితురాల్ని గది మధ్య స్టూలు మీదో బల్ల మీదో కాళ్ళు ముడిచి కూర్చోబెడతారు, మాట వినకపోతే కట్టేస్తారు. తిండి, నిద్ర ఉండవు. కాపలావాళ్ళు వంతులవారీగా మారతారు. తలుపుకు చిన్న కన్నం పెడతారు, జంతువు రూపంలో వచ్చే ఆమె పెంపుడు దయ్యం లోపలికి రావడానికట. సాలెపురుగో ఈగో కనిపిస్తే చంపడానికి చూస్తారు, అది తప్పించుకుంటే దయ్యమే. కునుకు పడితే లేపి, కాళ్ళు బొబ్బలెక్కేదాకా గదిలో నడిపిస్తారు. మేరీ ఫిలిప్స్ అనే మంత్రసాని, మరికొందరు ఆడవాళ్ళు బట్టలు విప్పించి, పులిపిరి, మచ్చ, కాన్పులప్పటి చర్మపు ముడత ఏది ఉన్నా, దయ్యం పాలు తాగే చనుమొన అంటారు. సూదితో గుచ్చితే నొప్పి లేకపోయినా, రక్తం రాకపోయినా రుజువే.

నీళ్ళ పరీక్షకైతే చేతి బొటనవేళ్ళని ఎదురుకాళ్ళ బొటనవేళ్ళకు కట్టి, నడుముకు తాడు వేసి, రెండు గట్ల మీదా మనుషులు పట్టుకుని దించేవారు. బాప్తిస్మం కాదనుకున్నవాళ్ళని నీళ్ళూ కాదంటాయని నమ్మకం. ఊపిరి బిగబట్టిన మనిషి, గాలి నిండిన బట్టలు, పైకి లాగిన తాడు ఉంటే తేలడానికే ఎక్కువ అవకాశం. తాడు పట్టినవాడి చేతిలో తీర్పు ఉందన్నమాట.

నిద్ర పోగొడితే ఏమవుతుందో నువ్వు చదివిందే. రెండు మూడు రాత్రులకి లేనివి కనిపిస్తాయి, అడిగినదానికి తలూపేస్తారు. "నీ దయ్యాలెన్ని, పేర్లేంటి, ఇంకెవరికున్నాయి?" అని అడుగుతారు. క్లార్క్ నాలుగో రాత్రి నోరు విప్పింది. తెల్లపిల్లి 'హోల్ట్', ఎద్దుతల ఉన్న వేటకుక్క 'వినెగర్ టామ్', కుందేలు 'శాక్ అండ్ షుగర్' వచ్చాయని, తామూ చూశామని కాపలావాళ్ళు ప్రమాణం చేశారు. ఆమె ఆన్ వెస్ట్, రెబెకా వెస్ట్ వంటి పేర్లు చెప్పింది. రెబెకా తల్లి మీద సాక్ష్యం చెప్పి బతికిపోయింది, తల్లి ఆన్‌ని ఉరితీశారు. ఆ పేరాగ్రాఫ్ తొందరపడకుండా రాయమ్మా.

దయ్యాల పేర్ల మీద అంత పట్టు ఎందుకో చట్టంలో ఉంది. 1604 చట్టం ప్రకారం దుష్టశక్తిని పోషించినా, తిండి పెట్టినా మరణశిక్షే, ఎవరికైనా హాని జరిగిందని రుజువు చేయనక్కర్లేదు. 'నా పిల్లికి పాలు పోశాను' అన్న మాటని సరైన ప్రశ్నలతో ఉరితాడుగా పేనవచ్చు.

జైలు కోల్చెస్టర్ కోటలోనే. కొందరు విచారణ దాకా బతకలేదు. జులై 17న చెమ్స్‌ఫర్డ్‌లో విచారణ. యుద్ధంతో మామూలు న్యాయమూర్తులు రాలేదు. పీఠం మీద కూర్చున్నది పార్లమెంటు పక్షపు పెద్ద, వార్విక్ ఎర్ల్ రాబర్ట్ రిచ్, ఆయన పక్కన స్థానిక మేజిస్ట్రేట్లు. అంటే వాంగ్మూలాలు తీసుకున్న కౌంటీ పెద్దల వర్గమే తీర్పు కూడా చెప్పింది. 1634లో శిక్ష ఆపిన కుర్చీ ఖాళీ. ఆపి రాద్దామన్నా, రాజే శత్రువు, ఎవరికి రాస్తారు? పందొమ్మిది మందిని ఉరితీశారు, క్లార్క్ వాళ్ళలో ఒకరు.

బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఆగస్టులో ప్రత్యేక కమిషన్ వేశారు. సార్జెంట్ జాన్ గాడ్‌బోల్డ్ వృత్తి న్యాయవాది, ఆయనతోపాటు ప్యూరిటన్ పాస్టర్లు శామ్యూల్ ఫెయిర్‌క్లఫ్, ఎడ్మండ్ కాలమీ. విచారణకు ముందు ఫెయిర్‌క్లఫ్ రెండు ప్రసంగాలు చేశాడు. గాడ్‌బోల్డ్ నీళ్ళ పరీక్ష ఆపించాడు, నిద్ర పోగొట్టి తీసుకున్న వాంగ్మూలాలు మాత్రం నిలిచాయి. సగం సరిచూపు ఎంత పనికొస్తుందో ఇక్కడ తేలుతుంది: ఆగస్టు 27న పద్దెనిమిది మందిని ఒకేరోజు ఉరితీశారు. రాజు సైన్యం దగ్గరికొస్తోందని మిగతా కేసులు వాయిదా పడ్డాయి.

ఆ పద్దెనిమిది మందిలో బ్రాండెస్టన్ పాస్టరు జాన్ లోస్ ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఊరివాళ్ళతో ఏళ్ళ తరబడి తగాదాలున్నవాడు. పాత రోజుల్లో వాళ్ళ ఆరోపణలు నిలవలేదు. ఇప్పుడు రాత్రుళ్ళు నిద్రపోనీకుండా, రొప్పేదాకా పరుగెత్తించి, ఫ్రామ్లింగ్‌హామ్ కోట కందకంలో దించారు. హార్విచ్ దగ్గర ఒక ఓడను దయ్యాలతో ముంచానని ఒప్పుకున్నాడు. ఆ రోజు అక్కడ ఓడ మునిగిందా అని ఎవరూ విచారించలేదు. 1634కీ దీనికీ తేడా ఈ ఒక్క వాక్యంలో చూపించు. తనకు సమాధి ప్రార్థన చదివేవాడు ఉండడని, ఆయనే చదువుకున్నాడు.

డబ్బు సంగతి క్లుప్తంగా రాయి. ఊరికి ఇరవై షిల్లింగులే, అంటే ఒక పౌండే, తీసుకున్నానని హాప్కిన్స్ తన పుస్తకంలో రాసుకున్నాడు. స్టోమార్కెట్ ఇరవైమూడు పౌండ్లు, ఆల్డ్‌బరో ఆరు చెల్లించాయి. డబ్బు కోసమే ఇదంతా అంటే నేను ఒప్పుకోను. ఆ మనిషి నమ్మాడనే నాకనిపిస్తుంది. అయితే వేట ఆగడానికి ఖర్చూ ఒక కారణం, ఊళ్ళు ప్రత్యేక పన్ను వేయాల్సి వచ్చింది.

ఆపినవాళ్ళకి కూడా చోటివ్వు. గ్రేట్ స్టాటన్ పాస్టరు జాన్ గాల్ తన ప్రసంగాల్లో ఎదిరించి, 1646లో పుస్తకం అచ్చువేశాడు. స్టూలు, తలుపు కన్నం సంగతులు మనకు తెలిసింది అతని వల్లే. గాల్ కూడా మంత్రగత్తెలున్నారని నమ్మినవాడే, రుజువు చేసే పద్ధతినే ఎదిరించాడు. అందుకే నమ్మకం పోతేనే వేట ఆగుతుందని రాయకు. 1647లో నార్‌ఫోక్ అసైజ్ న్యాయమూర్తుల ముందు హాప్కిన్స్ పద్ధతుల మీద ప్రశ్నల జాబితా పెట్టారు. అతని పుస్తకం దానికి జవాబు. అదే ఏడాది ఆగస్టు 12న మిస్ట్లీలో అతన్ని పాతిపెట్టారు. అతన్నే నీళ్ళలో దించి చంపారనే కథ నిజం కాదు, వాడకు.

స్కాట్లండ్‌తో వాదం ముగించొచ్చు. 1650ల్లో పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ సైన్యం ఆక్రమించాక, ఇంగ్లీషు న్యాయాధికారులు హింసించి తీసుకున్న వాంగ్మూలాలని పక్కనపెట్టారు, విచారణలు పడిపోయాయి. పాత పాలన తిరిగొచ్చాక 1661, 62ల్లో అక్కడ పెద్ద వేట మళ్ళీ లేచింది. యుద్ధం అప్పటికి అయిపోయింది.

తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానంతో చేసిన హత్యలతో పోలుద్దామన్నావు. నాకు ఇష్టం లేదు. అక్కడ గుంపు చట్టాన్ని తోసి చంపుతుంది. చెమ్స్‌ఫర్డ్‌లో జ్యూరీ, వాంగ్మూలం, రశీదు అన్నీ ఉన్నాయి. పోలికతో ఈ తేడా చెరిగిపోతుంది.

ఆధారాల విషయంలో జాగ్రత్త. ఎసెక్స్ వాంగ్మూలాలు 1645లోనే అచ్చయ్యాయి, సఫోక్ వైపు కోర్టు రికార్డులు చాలావరకు పోయాయి. హాప్కిన్స్, స్టెర్న్ పుస్తకాలు రెండూ ఆత్మరక్షణకు రాసినవి, సంఖ్యలు వాటి నుంచి తీసుకుంటే ఆ మాట చెప్పు. ముందు 1634 పెట్టి, వెంటనే చెమ్స్‌ఫర్డ్ పెట్టి, తర్వాత మిగతాది రాసి చూడు. గాడ్‌బోల్డ్ కమిషన్ గురించి రాసిన పేరా అవగానే పంపు, నాకు అన్నిటికంటే అదే చదవాలని ఉంది.

ఇట్లు,
అమ్మ