పాత బండ్లకు ఒక పంపు కేటాయించండి

సంపాదకులకు,

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్, అంటే చెరకు, మక్కల నుంచి తీసే ఆల్కహాల్, కలుపుతున్నారు. దీని మీద వాదనలన్నీ కొత్త కార్ల మైలేజీ దగ్గరే ఆగిపోతున్నాయి. మా పద్మారావునగర్ ఇంటి పోర్టికోలో ఉన్న 1979 ప్రీమియర్ పద్మిని గోడు కూడా కాస్త వినండి. మా నాన్నగారు కొన్న కారు. ఇంట్లో ఇప్పటికీ ఫియట్ అనే అంటాం. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక దాన్ని నేనే విప్పి బాగుచేసుకుంటున్నాను. ఇంజన్ సిలిండర్ల బోరింగ్, వెల్డింగ్ బయట చేయించాను, మిగతాదంతా ఇంట్లోనే. రాణీగంజ్‌లో దొరకని సామాను కోసం జుమ్మెరాత్ బజార్ తిరుగుతుంటాను.

ఈ కారులో పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే బిగించి ఉంటుంది. అందులోని డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర పైకీ కిందకీ ఆడుతూ, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌కు తోస్తుంది. ఆ డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా కదలని బండిలో ట్యాంకు అడుగున నీరు చేరితే తుప్పే. ఏళ్ల తరబడి పేరుకున్న జిగురు కరిగి, కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల జెట్లలో అడ్డం పడుతుంది. కొత్త కార్లలో సెన్సర్ చెప్పినదాన్ని బట్టి పెట్రోలు మోతాదు దానంతటదే మారుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేశాకే మా బండి పికప్ కుదుటపడింది.

పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు 20, 30 వేల కిలోమీటర్లు తిరిగాక మార్చుకోవాల్సి రావచ్చని, ఖర్చు తక్కువేనని 2025లో పెట్రోలియం శాఖ చెప్పింది. మా ఫియట్ 20 వేలు తిరగాలంటే నేను ఇంకో జన్మ ఎత్తాలి. అయినా రబ్బరు చెడేది పెట్రోల్లో నాని. నిలబడిన బండిలోనూ అది నానుతూనే ఉంటుంది. ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు గొట్టాలు కొనుక్కోవచ్చు, సరే. డయాఫ్రమ్ మాటేమిటి? ఈ కార్ల తయారీ ఆగిపోయి దాదాపు పాతికేళ్లు. రాణీగంజ్‌లో పంపు కిట్ దొరికినా అందులో రబ్బరు ఏ రకమో డబ్బా మీద ఉండదు.

పాత వాహనాల కోసం 10 శాతం ఇథనాల్ పెట్రోలును అందుబాటులో ఉంచాలని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికలోనే రాశారు. 20 శాతం కలపాలన్న 2030 లక్ష్యాన్ని 2025కు జరపడంలో చూపిన తొందర ఈ మాట దగ్గర కనబడలేదు. మక్క రైతుకు, చెరకు రైతుకు నాలుగు డబ్బులు వస్తే నాకూ సంతోషమే, ఇథనాల్ ఆపమని అనడం లేదు. జంట నగరాల్లో కొన్ని బంకుల్లోనైనా 10 శాతం పెట్రోలుకు ఒక పంపు కేటాయించండి. లీటరుకు కొంచెం ఎక్కువైనా ఇస్తాం. అదీ కుదరదంటే పంపు మీద ఇథనాల్ ఎంత శాతమో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. ఇప్పుడు బంకులో అడిగితే "పెట్రోలంటే పెట్రోలేనమ్మా" అంటున్నారు. శాతం తెలిస్తే ఏ జెట్ వేసుకోవాలో మేం చూసుకుంటాం.

- ఒక పాఠకురాలు, పద్మారావునగర్, సికింద్రాబాద్