నీ స్క్రిప్టు చదివాను, అమ్ములూ

అమ్ములూ,

నీకు గైడ్ బ్యాడ్జి వచ్చిందని తెలిసినప్పటి నుంచి నాన్న కనబడిన వాళ్లందరికీ చెప్పేస్తున్నారు. నేను మాత్రం టూరులో చెప్పడానికి నువ్వు రాసి పంపిన స్క్రిప్టు ముందేసుకుని కూర్చున్నాను. బాగుంది. తేదీలు సరిగ్గా ఉన్నాయి, రాజుల వరస తప్పలేదు. శాసనంలో ఉన్నదేదో, జనం చెప్పుకునేదేదో విడివిడిగా రాశావు. పరీక్షలో అన్ని మార్కులు ఎందుకొచ్చాయో అర్థమైంది. నాకు కనబడిన లోటు ఒక్కటే. గేటు దగ్గర మొదలుపెట్టి మళ్లీ బయటికొచ్చే దాకా అంతా నువ్వే మాట్లాడుతున్నావు. వచ్చినవాళ్లు నోరు తెరవడానికి ఎక్కడా సందు లేదు.

ఇది కొత్త జబ్బేం కాదులే. సుమారు 1900 ఏళ్ల కిందటే గ్రీసులోని డెల్ఫీ ఆలయం దగ్గర గైడ్లు ఉండేవాళ్లు. ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత ఆ ఆలయంలోనే పూజారిగా ఉన్నాడు. ఆయన రాసిన ఒక సంభాషణలో కొందరు డెల్ఫీ చూడటానికి వస్తారు. శాసనాలన్నీ చదివి వినిపించక్కర్లేదు, కాస్త తగ్గించండి అని బతిమాలినా గైడ్లు పట్టించుకోరు. బట్టీ పట్టింది మొత్తం అప్పజెప్పి గానీ వదలరు. అది చదివినప్పుడల్లా మా గేటు దగ్గరి మొహాలు కొన్ని గుర్తొస్తాయి. పేర్లు రాయను, వాళ్లు నీకూ తెలిసినవాళ్లే.

వాళ్లను మాట్లాడనివ్వమని నేననేది మర్యాద కోసం కాదు, మన స్వార్థం కోసమే. మనకు తెలిసింది ఒక్క చోటు. ఆ చోటికి తాపీమేస్త్రీ వస్తాడు, నర్సు వస్తుంది, నాట్యం నేర్పే ఆవిడ వస్తుంది, పొలం చేసేవాడు వస్తాడు. ఒకే గోడలో ఒక్కొక్కరికి ఒక్కో సంగతి కనబడుతుంది. వాళ్లు చూసేది మన గైడు పుస్తకాల్లో చాలావరకు ఉండదు.

పాత కట్టడాల దగ్గర బండల మీద వరసగా చిన్న చిన్న గుంటలు కనబడతాయి కదా, రాయి చీల్చడానికి తొలిచినవి. వాటిలో చెక్క మేకులు దిగ్గొట్టి నీళ్లు పోస్తే అవి ఉబ్బి రాయి పగిలేదని గైడ్లు చెప్పడం మామూలే. ఒకసారి నా గుంపులో ఒకాయన అందరూ ముందుకు నడిచాక కూడా అక్కడే ఆగిపోయి, ఆ గుంటలో వేలు పెట్టి చూస్తున్నాడు. ఏం చూస్తున్నారండీ అని అడిగాను. తను క్వారీలో పనిచేస్తాడట. ఇంత లోతు తక్కువ గుంటలో చెక్క నిలవదు, ఇక్కడ వాడింది ఇనుప చీలలే అన్నాడు. ఒక్కదాన్నే పట్టుకుని బాదకూడదట. ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోవాలి, మళ్లీ మొదటికి రావాలి. చీలలు బిగుసుకునే కొద్దీ మోత మారుతుంది. ఆ మోత వినబడ్డాక సమ్మెట పక్కన పెట్టి కాసేపు ఆగితే రాయి దానంతటదే నెర్రె ఇస్తుంది. చీలిన రెండు ముక్కల అంచులకూ సగం సగం గుంటలు మిగిలిపోతాయని, పక్క గోడలోనే అలాంటి రాళ్లు వెతికి చూపించాడు. గుంపంతా వెనక్కొచ్చి ఆయన చుట్టూ చేరింది. నా ముప్పావుగంట మాటలకు తలలు ఊపినవాళ్లు ఆయన్ని మాత్రం ప్రశ్న మీద ప్రశ్న వేశారు. తర్వాత నేను రాతిపని గురించి వెతికి చదివాను. ఆయన చెప్పిన పద్ధతి రాతిపనివాళ్లు ఇప్పటికీ వాడుతున్నదే. ఇప్పుడు ఆ గోడ దగ్గర ఆగి, ఈ సంగతి ఒక క్వారీ కార్మికుడు నేర్పాడని చెప్పే మొదలుపెడతాను.

రాళ్ల గురించి ఇంకో మాట నేర్పింది ఒక భూగర్భశాస్త్రం టీచరు. గ్రానైట్‌లో పలుకులు కంటికి కనబడేంత పెద్దవిగా ఉన్నాయంటే శిలాద్రవం, అంటే కరిగిన రాయి, భూమి లోపల చాలా నెమ్మదిగా చల్లారిందని అర్థం. పైకి పొంగి త్వరగా చల్లారిన బసాల్ట్‌లో పలుకులు చాలా సన్నం, మామూలుగా కంటికి ఆనవు. పిల్లలకు ఇది చెప్పి రాయి మీదకు వంగి చూడమంటే చాలు, ఆ తర్వాత వాళ్లని అక్కడి నుంచి కదిలించడమే కష్టం.

చూపు లేని ఒకావిడను తిప్పింది మాత్రం నా పనినే మార్చింది. గుమ్మటం కిందకు రాగానే ఆవిడ చప్పట్లు కొట్టి, పైకప్పు గుండ్రంగా ఉందా, బాగా ఎత్తా అని అడిగింది. మెట్ల దగ్గర చేతికర్ర తాకించి, ఇవి మధ్యలో అరిగిపోయాయి, ఎడమవైపు ఎక్కువ అరిగాయి అంది. రోజూ ఎక్కి దిగే మెట్లే, నా పాదానికి ఆ తేడా తెలుస్తుందని నాకెప్పుడూ తట్టలేదు. అప్పటి నుంచి గుమ్మటం కింద అందరినీ ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడమంటున్నాను. లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్ గుమ్మటం కింద ఒకవైపు గోడ దగ్గర గుసగుసలాడితే దూరంగా అవతలి వైపు గోడ దగ్గర వినబడుతుందనీ, శబ్దం ఒంపు గోడను అంటుకునే పాకుతుందని లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్త వివరించాడనీ ఆ తర్వాతే తెలుసుకున్నాను. ఆవిడ చప్పట్లు కొట్టకపోతే నేను ఆ వైపే పోయేదాన్ని కాదు.

సరే, వాళ్ల నోటి నుంచి మాట ఎలా రాబట్టాలి? టూరు చివర్లో “డౌట్లు ఏమైనా ఉన్నాయా” అని అడగకు. అప్పటికి అందరి ధ్యాసా బస్సు మీదో బాత్‌రూమ్ మీదో ఉంటుంది. మొదట్లోనే, ఇంకా నువ్వేమీ చెప్పకముందే, “ఇక్కడికి రాగానే మీకు ముందు ఏది కంట పడింది?” అని అడుగు. అడిగి ఊరుకో. అదే కష్టం. రెండు క్షణాలు ఎవరూ పలక్కపోతే టెన్షన్‌తో మనమే జవాబు చెప్పేస్తాం. ఆగు, ఎవరో ఒకరు అంటారు. అన్నది అందరికీ వినబడేలా నువ్వు మళ్లీ ఒకసారి గట్టిగా చెప్పు, వెనకున్నవాళ్లకు ప్రశ్న వినబడకపోతే జవాబు దండగ. నడక గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను బట్టి ఉండాలి. చివరి మనిషి వచ్చి నిలబడ్డాకే నోరు విప్పు. ఎండ నీ మొహాన పడనీ, వాళ్ల కళ్లలో పడకూడదు. మెట్లు ఎన్నున్నాయో, మధ్యలో కూర్చునే చోటు ఎక్కడుందో ఎక్కకముందే చెప్పాలని నాకు నేర్పింది మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక పెద్దావిడ. శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

పిల్లల్ని వేరుగా చూడు. అమెరికా నేషనల్ పార్కుల కోసం ఫ్రీమన్ టిల్డెన్ అనే రచయిత, చూడటానికి వచ్చినవాళ్లకు ఎలా వివరించాలో 1957లో కొన్ని సూత్రాలు రాశాడు, మీ శిక్షణలో చెప్పే ఉంటారు. పెద్దవాళ్లకు చెప్పేదాన్నే పలచన చేసి పిల్లలకు చెప్పకూడదు, వాళ్లకు అసలు దారే వేరుగా ఉండాలి అంటాడు. ఒక పిల్లాడు నన్ను “ఇంత పెద్ద కోట రోజూ ఎవరు ఊడ్చేవాళ్లు?” అని అడిగాడు. రాజుగారి పెళ్లి గురించి చెబుతున్నాను అప్పుడు. ఊడ్చేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, దీపాలు వెలిగించేవాళ్లు ఎక్కడ ఉండేవాళ్లో, ఏ దారిన వచ్చి వెళ్లేవాళ్లో వెతకడం అప్పుడు మొదలైంది. ఇప్పుడు వెనక గుమ్మం వైపు కూడా తీసుకెళుతున్నాను. రాజుగారి పెళ్లి రెండు ముక్కలకు తగ్గింది, ఇప్పటి దాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అయితే ఒక జాగ్రత్త. వచ్చినవాళ్లు చెప్పేదంతా నిజం కాదు. చాలామంది ఇంకో చోట ఇంకో గైడు దగ్గర విన్నదాన్ని మోసుకొచ్చి నీకు అప్పగిస్తారు. తాజ్‌మహల్ కట్టినవాళ్ల చేతులు నరికించారన్న కథ చూడు. దానికి చారిత్రక ఆధారం ఏదీ లేదు, అయినా ప్రతి పెద్ద కట్టడానికీ ఎవరో ఒకరు దాన్ని తగిలిస్తూనే ఉంటారు. రెండో శతాబ్దంలో గ్రీసు అంతా తిరిగిన పౌసానియస్ ఆర్గోస్ ఊరి గైడ్ల గురించి ఒక మాట రాశాడు. తాము చెప్పేవన్నీ నిజం కావని వాళ్లకే తెలుసట, అయినా చెబుతూనే ఉంటారట, జనం నమ్ముతున్నదాన్ని మార్చడం తేలిక కాదు కదా అని. అంతకంటే ముందు, క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈజిప్టు వెళ్లాడు. పెద్ద పిరమిడ్ మీది రాత చూపించి, పనివాళ్ల ముల్లంగికీ ఉల్లికీ వెల్లుల్లికీ అయిన ఖర్చు 1600 టాలెంట్ల (టాలెంట్ అంటే అప్పటి ఒక తూకం) వెండి అని అందులో ఉన్నట్టు దుబాసీ చదివి చెప్పాడు. ఆ దుబాసీకి ఆ లిపి వచ్చో రాదో గానీ, ఆ మనిషి అన్న మాట 2400 ఏళ్లు దాటినా పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది. ఎండలో నిలబడి, ఏదో ఒకటి చెప్పి పంపేద్దాం అనిపించిన రోజున ఆ దుబాసీని తలుచుకో.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎవరో కొత్త సంగతి చెబితే అదే సాయంత్రం రాయి. తన చేత్తో చేసి చెప్పారా, చదివి చెప్పారా, ఎవరో అంటే విన్నారా అన్నది పక్కనే రాయి. సరిచూసుకునే దాకా గుంపు ముందు అనకు. వాళ్ల ఇంటి సంగతులు మనసు విప్పి చెప్పుకుంటే అవి నోట్‌బుక్‌లోకీ ఎక్కకూడదు, మర్నాటి గుంపు చెవినా పడకూడదు. ప్రయాణంలో ఉన్న మనిషి మళ్లీ కలవని వాళ్ల దగ్గర చాలా చెప్పేస్తుంది.

ప్రతి మాటకీ అడ్డుతగిలి దిద్దేవాళ్లు కూడా వస్తారు. వాళ్లకు ఒకసారి “చెప్పండి, వింటాం” అని చోటివ్వు. రెండోసారి కూడా ఇవ్వు. మూడోసారికి నడవడం మొదలుపెట్టు. ఒంటరిగా వచ్చిన ఎవరైనా మూసేవేళ దాటాక ఇంకా చూపించమంటే, అది నేర్చుకునే సందర్భం కాదు, గేటు దగ్గరికి వచ్చెయ్. సొంత ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు, ఆఫీసు నంబరు చాలు. షాపులవాళ్ల కమీషన్ సంగతి నువ్వే తేల్చుకోవాలి. నేను తీసుకోలేదు, తీసుకునేవాళ్లతో గొడవా పడలేదు. ఒక్కటి మాత్రం చూశాను, షాపు దగ్గర దింపాక ఇక ఆ గుంపు అంతకుముందు నాతో మాట్లాడినట్టు మాట్లాడదు.

ఫిబ్రవరి 21న మన గైడ్ల దినం. 1990 నుంచి చాలా దేశాల్లో జరుపుతున్నారు, చాలాచోట్ల ఆ రోజు గైడ్లు చుట్టుపక్కల వాళ్లకే ఉచితంగా చూపిస్తారు. తప్పకుండా పేరు ఇవ్వు. దూరం నుంచి వచ్చినవాళ్లు కొత్త కళ్లతో చూస్తారు, నిజమే. కానీ చిన్నప్పుడు ఆ గోడల మీద ఆడుకున్న ముసలాయన ఏ గుమ్మం ఎప్పుడు మూసేశారో, కూలిన గోడ మళ్లీ ఎవరు కట్టారో చెబుతాడు. నీ స్క్రిప్టులో పాత భాగమని రాసినదాంట్లో ఎంత మరమ్మతు ఉందో ఆయన దగ్గరే తెలుస్తుంది.

స్క్రిప్టు మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి పంపుతున్నాను. రాజవంశం మొత్తం చెప్పే పేజీ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. అడిగినవాళ్లకు చెప్పడానికి అది నీ తలలో ఉంటే చాలు. గుమ్మటం దగ్గర ఖాళీ వదిలాను, అక్కడ ఏమీ రాయకు. తొలిరోజు కొత్త బూట్లు వేసుకోకు, పాతవే వేసుకో. నాన్న నీ బ్యాడ్జి ఫోటో కావాలంటున్నారు, నీ మొహం కూడా కనబడేలా తీసి పంపు.

అమ్మ