మన కొట్టు అద్దం పగిలిన సంగతి, డిడ్‌కాట్‌లో భద్రత సంగతి

కస్టమర్లందరికీ నమస్కారం.

పోయిన నెలలో ఇక్కడ, ఇంగ్లండ్‌లోని డిడ్‌కాట్‌లో, మన కిరాణా కొట్టు అద్దం పగిలిన వార్త మీలో చాలామందికి వాట్సాప్‌లోనే తెలిసింది. అప్పటినుంచి బియ్యం బస్తాకి వచ్చినవాళ్లూ, కరివేపాకుకి వచ్చినవాళ్లూ బిల్లు కట్టేటప్పుడు ఒకటే అడుగుతున్నారు. "ఏమైందండీ? ఇక్కడ ఉండొచ్చా? పిల్లల్ని ఒంటరిగా పంపొచ్చా?" వెనక లైన్ ఉంటే నిలబడి చెప్పడానికి వీలు కావడం లేదు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరేసరికి వేరే కథ అయిపోతోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దానివల్ల కొట్టులో మేం ఏం మారుస్తున్నామో కూడా చెబుతాను.

ఆ రాత్రి మేం కొట్టు మూసి వెళ్లాక ఎవరో రాయి విసిరారు. లోపలికి ఎవరూ రాలేదు, గల్లాపెట్టె జోలికి పోలేదు. పొద్దున తలుపు తీసి చూస్తే కిటికీ పక్కన ఉన్న కూరల ట్రేల నిండా గాజు. గోంగూర కట్టల మధ్య, కొత్తిమీర వేళ్లలో, బెండకాయల సందుల్లో బియ్యపు గింజంత ముక్కలు మెరుస్తున్నాయి. ఆ ట్రేలన్నీ ఎత్తి పారేశాం. కడిగి అమ్మే సరుకు కాదది, పిల్లలు తినేది. ఆ శనివారం "గోంగూర లేదు" అని మిమ్మల్ని తిప్పి పంపింది ఇందుకే. అదే రాత్రి మా వరుసలోనే ఇంకో కొట్టు అద్దం కూడా పగిలింది. అది ఇక్కడి వాళ్లదే, మన వాళ్లది కాదు. పోలీసులకు చెప్పాం, క్రైమ్ రిఫరెన్స్ నంబర్ తీసుకున్నాం, కెమెరా ఫుటేజీ ఇచ్చాం.

మధ్యాహ్నానికి నా ఫోన్‌కే ఒక ఫార్వర్డ్ వచ్చింది. "డిడ్‌కాట్‌లో ఇండియన్ షాపుల మీద దాడులు మొదలయ్యాయి, ఎవరూ బయటికి రావద్దు" అని. మన వాళ్ల కొట్లలో పగిలింది ఒక్క అద్దం. ఆ మెసేజ్ చూసి ఆ వారం ఎంతమంది ఆడవాళ్లు టెన్షన్ పడ్డారో నాకు తెలుసు, ఎందుకంటే వాళ్లే ఫోన్ చేసి డెలివరీ అడిగారు.

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లల్ని పొడిచి చంపినప్పుడు, చంపినవాడు పడవలో వచ్చిన శరణార్థి అని ఒక తప్పుడు పేరు ఆన్‌లైన్‌లో పాకింది. నిజానికి అతను ఇక్కడే పుట్టినవాడు. ఆ అబద్ధం పట్టుకుని ఊళ్లకు ఊళ్లలో మసీదుల మీద, శరణార్థులు ఉన్న హోటళ్ల మీద పడ్డారు. ఆ ఆగస్టులో ఎన్నో ఊళ్లలో మన వాళ్లు పెందలాడే కొట్లు కట్టేశారు. 2025 సెప్టెంబరు 13న లండన్‌లో వలసలకు వ్యతిరేకంగా లక్ష మందికి పైగా ర్యాలీ తీసినప్పుడు, దీపస్తంభాలకు ఇంగ్లండ్ జెండాలు కట్టినప్పుడు మళ్లీ అదే గుబులు. రోడ్డు మీద ఎవరైనా మాట తూలితే ఆ మాట వారం రోజులు మనసులో ఉంటుంది. అది నాకూ తెలుసు. కానీ అప్పుడు ఊళ్లు తగలబడింది కూడా నిర్ధారణ లేని మెసేజ్‌ల వల్లే. మన వైపు నుంచి అలాంటిది ఒక్కటి కూడా పోకూడదని నా పట్టుదల.

నన్ను అద్దం కంటే ఎక్కువ కలవరపెట్టింది వేరే ఉంది. మొన్న ఆగస్టులో ఇద్దరు కుర్రాళ్లు నెయ్యి డబ్బాలు బ్యాగులో వేసుకుని బయటికి నడిచారు. మా దగ్గర పార్ట్‌టైమ్ చేసే అమ్మాయి, చదువుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన పిల్ల, "ఏయ్" అంటూ వెంటపడింది. వాళ్లలో ఒకడు గుమ్మం దగ్గర ఆమెను నెట్టేశాడు. మోచెయ్యి తలుపు చట్రానికి కొట్టుకుని నీలంగా కమిలింది. ఆ నీలం మచ్చ చూసినప్పుడల్లా వాళ్లమ్మకు నేనేం సమాధానం చెప్పాలన్న ఆలోచనే. అందుకని ఇప్పుడు మా కొట్టులో గట్టి నియమం ఒకటి పెట్టాం: ఎవరేం ఎత్తుకుపోయినా వెంటపడేది లేదు, తలుపుకు అడ్డం నిలబడేది లేదు. కస్టమర్లకూ ఇదే మనవి. పోయినసారి ఒక అన్నయ్య మా కోసం ఒకడి చెయ్యి పట్టుకున్నారు. మీ మంచి మనసుకు దండం. కానీ మీకేమైనా అయితే ఆ నష్టం ఏ నెయ్యి డబ్బాతోనూ పూడదు.

ఇది మన ఒక్క కొట్టు బాధ కాదు. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇంగ్లండ్, వేల్స్ పోలీసులు నమోదు చేసిన కొట్టు దొంగతనాలు 5 లక్షల 30 వేలు దాటాయి. అంతకు ముందటి ఏడాది కంటే 20 శాతం ఎక్కువ. ఇప్పటి పద్ధతిలో లెక్కలు రాయడం మొదలైన 2003 నుంచి ఇంత పెద్ద అంకె లేదు. "200 పౌండ్ల లోపు అయితే నేరమే కాదట కదా" అని చాలామంది అంటారు. అది నిజం కాదు. 2014 చట్టం అంత లోపు కేసులను మామూలుగా మేజిస్ట్రేట్ కోర్టులో చిన్న కేసులుగా నడిపేలా చేసింది, అంతే. ఆ తేడా తీసేయడానికీ, కొట్టులో పనిచేసేవాళ్ల మీద చెయ్యి చేసుకోవడాన్ని ప్రత్యేక నేరం చేయడానికీ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో బిల్లు పెట్టింది. ఆ మోచెయ్యి చూసినదాన్ని కాబట్టి అలాంటి చట్టం ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక "డిడ్‌కాట్ సేఫేనా?" అన్న ప్రశ్న. హార్వెల్‌లోనో మిల్టన్ పార్క్‌లోనో ఉద్యోగం వచ్చి ఇల్లు వెతుక్కునేవాళ్లు మొదట అడిగేది ఇదే. ఈమధ్య ఒకావిడ ఫోన్‌లో పోలీస్.యూకే మ్యాప్ తెరిచి చూపించింది. ఎక్కడ ఎన్ని నేరాలు నమోదయ్యాయో చుక్కలతో చూపించే మ్యాప్ అది. గ్రేట్ వెస్టర్న్ పార్క్ అనే కాలనీలో ఇల్లు నచ్చిందట, మ్యాప్‌లో అంకెలు చూసి భర్త వద్దంటున్నాడట. ఇద్దరం కౌంటర్ దగ్గరే నిలబడి ఒక్కో చుక్క నొక్కి చూశాం.

ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను. ఆ చుక్క నేరం జరిగిన గడప మీద ఉండదు. ఎవరిల్లో బయటపడకుండా దగ్గర్లో ముందే పెట్టుకున్న ఒక గుర్తు మీదికి జరిపి చూపిస్తారు. "సూపర్‌మార్కెట్ దగ్గర", "పార్కింగ్ ఏరియా దగ్గర" అని రాసి ఉండేది అందుకే. అందులో హింస, లైంగిక నేరాల విభాగం పెద్దగా కనిపిస్తుంది, దేశమంతా అంతే. కానీ ఆ ఒక్క గంపలోనే దెబ్బలు తగలని తోపులాటలూ, బెదిరింపు మెసేజ్‌లూ, వేధింపులూ, ఇంట్లో మనుషుల మధ్య జరిగేవీ అన్నీ ఉంటాయి. అవి చిన్నవని కాదు. వీధిలో నడిచేవాళ్ల మీద అన్నిసార్లు ఎవరో దూకారని మాత్రం దాని అర్థం కాదు. టౌన్ సెంటర్ అంకె పెద్దగా ఉండటానికి ఇంకో కారణం: 2021 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనం 32 వేల పైచిలుకు, కానీ ఆర్చర్డ్ సెంటర్‌కి షాపింగ్‌కి వచ్చేవాళ్లూ, పార్క్‌వే స్టేషన్‌లో దిగేవాళ్లూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. నేరం ఇక్కడ లెక్కకెక్కుతుంది, మనుషులు ఇంకో ఊరి లెక్కలో ఉంటారు. ఇల్లు తీసుకునేముందు ఒక్క నెల చూసి నిర్ణయించుకోకండి. ఏడాది మొత్తం చూడండి, ఆ వీధి చుక్కలు చూడండి. సాయంత్రం ఒకసారి, శుక్రవారం రాత్రి ఒకసారి ఆ వీధిలో నడవండి.

నా అభిప్రాయం అడిగితే, ఉండదగ్గ ఊరే. ఇళ్లలో దొంగతనాలు 1990లతో పోలిస్తే దేశమంతా బాగా తగ్గాయి. మా అమ్మాయి బడి నుంచి నడిచే వస్తుంది. అయితే ఈ అక్టోబరు 26న గడియారాలు గంట వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదింటికే చీకటి. లేడీగ్రోవ్ వైపు వెళ్లే పిల్లలు కౌ లేన్ అండర్‌పాస్‌లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ నడవద్దని మాత్రం చెప్పండి. స్టేషన్ దగ్గర సైకిల్ పెట్టేవాళ్లు చవక కేబుల్ తాళం మానేసి గట్టి డీ-లాక్ కొనుక్కోండి. రైల్లోగానీ స్టేషన్లోగానీ ఏదైనా ఇబ్బందయితే 61016కి మెసేజ్ పెడితే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులకు చేరుతుంది.

మన ఇళ్లకు ప్రత్యేకంగా ఉన్న ముప్పు ఇంకోటి ఉంది. బంగారం. ఆసియా కుటుంబాల ఇళ్లలో 22 క్యారెట్ల నగలు ఉంటాయని దొంగలకు బాగా తెలుసు. అయిదేళ్లలో ఇలా పోయిన బంగారం విలువ దాదాపు 14 కోట్ల పౌండ్లని 2017లో బీబీసీ పోలీసు లెక్కలు సేకరించి చెప్పింది. దీపావళి, పెళ్లిళ్ల రోజుల్లో పోలీసులే ఏటా హెచ్చరిస్తారు. 20న పండగ. కాసులపేరు వేసుకుని గుడికో ఫంక్షన్‌కో వెళ్తూ, అక్కడ ఉండగానే ఫొటో స్టేటస్‌లో పెడితే ఇల్లు ఖాళీ అనీ, నగలు ఉన్నాయనీ రెండూ చెప్పినట్టే. ఇంటికొచ్చాక పెట్టండి. ఇక్కడ చాలా బ్యాంకులు లాకర్లు ఎప్పుడో ఆపేశాయి, ప్రైవేటు వాల్టులు ఉన్నాయి. ఇంట్లోనే ఉంచేవాళ్లు బీరువాలోనూ, పిండి డబ్బాలోనూ కాకుండా గోడకో నేలకో బిగించిన సేఫ్‌లో పెట్టండి. అమ్మ పెట్టిన వడ్డాణం దగ్గర నుంచి పిల్లల మురుగుల దాకా ఒక్కోటీ స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి, బిల్లులు ఉంటే స్కాన్ చేసుకోండి. హోమ్ ఇన్సూరెన్స్ కాగితాల్లో ఒక్కో వస్తువుకి ఎంతవరకు ఇస్తారో చదవండి. చాలా పాలసీల్లో విడిగా రాయించని నగకు ఒక పరిమితి వరకే డబ్బు వస్తుంది. మన హారాలు ఆ పరిమితిని సులువుగా దాటేస్తాయి.

"కెమెరాలో మొహం కనిపించింది కదా, గ్రూపులో పెట్టండి, మేం పట్టేస్తాం" అని కొందరు అడిగారు. పెట్టను. కోర్టు దోషి అనని మనిషి ఫొటో దొంగ అని ఊరంతా తిప్పితే డేటా ప్రొటెక్షన్ చట్టం కింద చిక్కు నాకే. పైగా పోలికలు కలిసిన పాపానికి ఇంకెవరో కుర్రాడు తన్నులు తినొచ్చు. ఫుటేజీ పోలీసులకు ఇస్తాను, అక్కడితో ఆగుతాను. ఇంటికి డోర్‌బెల్ కెమెరా పెట్టుకున్నవాళ్లూ ఒకటి గమనించండి. 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు, మనకు దగ్గర్లోని థేమ్ ఊరి కేసులో, పక్కింటి ఆవిడ రాకపోకలూ మాటలూ రికార్డు చేసిన కెమెరాల విషయంలో పెట్టుకున్నాయన తప్పేనని తీర్పిచ్చింది. మీ గుమ్మం, మీ కారు కనిపించేలా తిప్పుకోండి. ఆడియో అక్కర్లేకపోతే ఆపేయండి.

మీ అందరినీ గట్టిగా కోరేది ఒక్కటే: చిన్నదైనా పోలీసులకు చెప్పండి. మన వాళ్లు గ్రూపులో రాస్తారు, నాతో చెబుతారు, పోలీసులకు మాత్రం చెప్పరు. ఏ వీధికి ఎప్పుడు మనిషిని పంపాలో వాళ్లు నమోదైనవి చూసే నిర్ణయిస్తారు. గ్రూపులో మెసేజ్‌లు ఆ లెక్కలోకి రావు. ఇప్పుడే జరుగుతున్నా, ప్రాణభయం ఉన్నా 999. మాట్లాడితే ప్రమాదం అనిపిస్తే మొబైల్ నుంచి 999 కొట్టి, అడిగినప్పుడు 55 నొక్కండి. జరిగిపోయినదానికి 101, లేదంటే థేమ్స్ వ్యాలీ పోలీస్ వెబ్‌సైట్. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే క్రైమ్‌స్టాపర్స్ 0800 555 111. ఇంగ్లీష్ తడబడుతుందనుకుంటే ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. రంగు చూసో మతం చూసో తిట్టారని మీకు అనిపిస్తే ఆ మాట స్పష్టంగా చెప్పండి. జరిగింది నేరమైతే, బాధితులు అలా భావిస్తే చాలు, అది హేట్ క్రైమ్‌గా నమోదవుతుంది. చెల్లుబాటయ్యే వీసా మీద ఉన్నవాళ్లు బాధితులుగా ఫిర్యాదు చేస్తే వీసాకి ఏ ఇబ్బందీ రాదు. వీసా పోతుందన్న భయంతోనే చదువుకోవడానికి వచ్చిన పిల్లలు చాలామంది నోరు మూసుకుంటున్నారు. అలాగే "హోం ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) నుంచి, ఇప్పుడే డబ్బు కట్టకపోతే దేశం నుంచి పంపించేస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. హోం ఆఫీస్ అలా ఫోన్‌లో డబ్బు అడగదు. మోసపు మెసేజ్‌లను 7726కి ఫార్వర్డ్ చేయండి.

ఇక కొట్టులో మార్పులు. 26వ తేదీ నుంచి తొమ్మిదికి బదులు ఎనిమిదికే మూస్తాం. ఆరు దాటాక కౌంటర్‌లో ఎప్పుడూ ఇద్దరుంటారు. నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులు, జీడిపప్పు కౌంటర్ వెనక్కి మారాయి, అడిగితే ఇస్తాం. మిమ్మల్ని అనుమానించి కాదు, దయచేసి అలా అనుకోకండి. డెలివరీ సరుకు గుమ్మం ముందు వదిలి రాము, మీ చేతికే ఇస్తాం. ఇంట్లో ఉండే టైమ్ ముందే చెప్పండి. కొత్త అద్దానికి, పెరిగిన ఇన్సూరెన్స్‌కి డబ్బు ఎక్కడినుంచో రావాలి. బియ్యం, పప్పులు, నూనెల ధర దీని కోసం పెంచను. డెలివరీ చార్జి మాత్రం 2 పౌండ్ల నుంచి 3 పౌండ్లు అవుతుంది. కారు లేని పెద్దవాళ్లకూ, పసిపిల్లల తల్లులకూ పాత చార్జే.

పండగకి అరిసెలు, కజ్జికాయలు, సున్నుండలు కావాల్సినవాళ్లు 15వ తేదీలోగా చెప్పండి. 18, 19 తేదీల్లో పొద్దున పది నుంచి వచ్చి తీసుకోవచ్చు. గోంగూర మళ్లీ గురువారం, శనివారం వస్తోంది.